సెలవుల్లో పుస్తకం తియ్యమంటే పిల్లలెందుకు పారిపోతారు?

ఏప్రిల్ ఆఖరి వారంలో బళ్ళు మూసేస్తారు, జూన్ 12 ప్రాంతంలో మళ్ళీ తెరుస్తారు. మధ్యలో ఇంచుమించు ఏడు వారాలు. ఈ ఏడు వారాలూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా వినపడే మాట ఒకటుంది, "ఆ ఫోను పక్కన పడేసి పుస్తకం తియ్యరా" అని. ఆ మాట విన్న గుంటడు లేచి వీధిలోకి పోతాడు, లేకపోతే పుస్తకం తీసి ఒకే పేజీ దగ్గర అరగంట కూర్చుంటాడు. వాడికి చదువు మీద ధ్యాస లేదని మనం తేల్చేస్తాం. నేనూ అలా తేల్చేసినదాన్నే.

నేనుండేది విజయనగరంలో. ఎండాకాలం మాత్రం నరసన్నపేట దగ్గర మా పుట్టింటికి వెళ్ళిపోతాను. కొన్నేళ్ళ కిందట ఓ వేసవిలో ఉత్సాహం ఎక్కువై, ఓ నలభై పుస్తకాలు కొని, మా నాన్న పాత బట్టల బీరువాలో సర్ది, దాన్ని వీధరుగు మీద పెట్టించాను. ఊళ్ళో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలందరికీ కబురు పెట్టాను. మొదటిరోజు జాతరే. మూడోరోజుకి సగం మంది. వారం తిరిగేసరికి ఇద్దరాడపిల్లలు మిగిలారు, అందులో ఒకర్తి మా అన్నయ్య కూతురు, మొహమాటానికి వచ్చేది. "వాళ్ళింక రారత్తా, ముంజలకెళ్ళిపోయారు" అని అదే చెప్పింది. ఫోన్లని తిట్టుకున్నాను, తల్లిదండ్రుల్ని తిట్టుకున్నాను, కాలాన్ని కూడా ఓ రెండు మాటలన్నాను. బీరువాలో ఏమున్నాయో మాత్రం ఓసారి చూసుకోలేదు. దేశనాయకుల జీవిత చరిత్రలు, నీతికథలు, ఎవరో మంచిదన్నారని కొన్న నాలుగు వందల పేజీల అనువాద నవల ఒకటి!

తర్వాత నెమ్మదిగా తెలిసిందేమిటంటే, "మావాడు చదవడు" అనే ఒక్క మాట వెనకాల కనీసం ముగ్గురు వేరువేరు పిల్లలుంటారు. ముగ్గురికీ ఒకే మందు వేస్తాం కాబట్టే ఎవరికీ పనిచెయ్యదు.

1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడం గురించి ఓ చిన్న లెక్క చెప్పారు. అచ్చులో ఉన్నదాన్ని చూసి మాటగా పలకగలగడం ఒక పని, ఆ మాట చెవినపడితే అర్థం చేసుకోగలగడం ఇంకో పని, చదివి అర్థం చేసుకోవడం అంటే ఈ రెండిటినీ గుణిస్తే వచ్చేది. కూడితే కాదు, గుణిస్తే. తేడా అంతా అక్కడే ఉంది. కూడిక అయితే ఒకటి తగ్గినా రెండోది కొంత ఆదుకుంటుంది, గుణకారంలో ఒకవైపు సున్నా ఉంటే రెండోవైపు ఎంతున్నా వచ్చేది సున్నాయే. అక్షరాల దగ్గరే ఆగిపోయే పిల్లవాడికి ఎంత మంచి కథ ఇచ్చినా లాభం లేదు, గడగడా చదివేసి ఒక్క ముక్క అర్థం కాని పిల్లకి ఇంకో పది పుస్తకాలు కొనిపెట్టినా అంతే. ఈ రెండూ బాగానే ఉండి, చదవాలని అనిపించని పిల్లలు మూడోరకం. వీళ్ళ సంగతి వేరే.

ఏ పిల్ల ఏ రకమో తెలుసుకోడానికి పరీక్షలేం అక్కర్లేదు. పోయిన తరగతి తెలుగు వాచకంలోంచి ఒక పేజీ పైకి చదవమనండి, ఆ తర్వాత పుస్తకం మూసి అందులో ఏముందో సొంతమాటల్లో చెప్పమనండి. ఇది పదిమంది ముందు చెయ్యకండి. నేను చేశాను, ఎనిమిదో తరగతి కుర్రాడొకడు ఆ తర్వాత రెండేళ్ళు మా వీధిలోంచి నడవలేదు. ఎవరూ లేనప్పుడు, పక్కన కూర్చుని, మీరో పేరా వాడో పేరా అన్నట్టు చదవండి. ఒత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర ఆగి ఆగి చదివితే మొదటిరకం. గాలిలా చదివేసి "ఏముందిరా అందులో" అంటే నేల చూపులు చూస్తే రెండోరకం. చదివి, చెప్పి, "ఇంక నానెల్తాను" అంటే మూడోరకం.

మొదటిరకం పిల్లలు మనం అనుకునేదానికన్నా ఎక్కువమంది. పల్లె పిల్లలకి చదవడం ఎంత వచ్చో చూసే అసర్ సర్వే 2022ది చూస్తే, దేశంలో పల్లెల్లోని ఎనిమిదో తరగతి పిల్లల్లో నూటికి సుమారు 30 మంది రెండో తరగతి స్థాయి పాఠం చదవలేకపోయారు. దీనికి పిల్లల్నో పంతుళ్ళనో తిట్టే ముందు మన లిపి సంగతి కూడా ఒకసారి చూడాలి. ఇంగ్లీషుకి 26 అక్షరాలు, మనకి వర్ణమాలలో 56 అని లెక్క చెప్తాం కానీ అసలు లెక్క అది కాదు, ఒక్కో హల్లుకి గుణింతం, దానికింద ఒత్తు, కొన్నిచోట్ల రెండేసి ఒత్తులు కలిపితే పిల్లవాడి కంటికి కనపడే ఆకారాలు వందల్లోకి పోతాయి. మనదానికి చాలా దగ్గరగా ఉండే కన్నడ లిపి మీద జరిగిన పరిశోధనలో, అక్షరాలన్నీ పట్టుబడడానికి ఒకటి రెండేళ్ళు చాలవనీ, నాలుగో తరగతి దాకా నేర్చుకుంటూనే ఉంటారనీ తేలింది. మన బళ్ళలో గుణింతాల పని రెండో తరగతిలో ముగించేస్తాం. అక్కడ జారిపోయినవాడు ఆరో తరగతికొచ్చేసరికి సిగ్గుపడడం నేర్చుకుంటాడు, చదవడం మాత్రం నేర్చుకోడు.

ఈ సిగ్గే పెద్ద అడ్డంకి. పన్నెండేళ్ళవాడి చేతిలో బొమ్మల పుస్తకం పెడితే తీసుకోడు. మా అరుగు మీద పనిచేసిన ఉపాయం ఒకటుంది. "మీ చెల్లికి చదివి వినిపించు, అది రెండో తరగతి కదా, నాకు తీరిక లేదు" అని బొమ్మల పుస్తకం వాడి చేతికిచ్చేదాన్ని. చెల్లి కోసం చదువుతున్నాడు కాబట్టి పరువుకి లోటు లేదు, ఆ చెల్లి మళ్ళీ మళ్ళీ అదే కథ అడుగుతుంది కాబట్టి ఒకే పుస్తకం పదిసార్లు చదవాల్సి వస్తుంది. చదవడంలో వేగం రావాలంటే అదే కావాలి, తెలిసిన పేజీనే మళ్ళీ మళ్ళీ చదవడం. బస్సు బోర్డులు, పెళ్ళి శుభలేఖలు, వాళ్ళకి నోటికొచ్చిన సినిమా పాటలు కాగితం మీద రాసి ఇవ్వడం, ఇవన్నీ కూడా చదువే. రోజుకి పావుగంట చాలు, అంతకుమించి పట్టుకుంటే రేపు రాడు.

ఇప్పుడు రెండోరకం. నన్నడిగితే ఉత్తరాంధ్రలో అసలు చిక్కు ఇక్కడుంది, దీని గురించే ఎవరూ మాట్లాడరు.

ఏడో తరగతి కుర్రాడొకడు ఓ కథ తప్పులేకుండా చదివాడు. అందులో "నిశ్చేష్టుడయ్యాడు" అనుంది. పలకడంలో ఎక్కడా తడబడలేదు. అంటే ఏమిటిరా అన్నాను. "నిశ్చయం చేసుకున్నాడత్తా" అన్నాడు. ఆ ఒక్కమాటతో కథ మొత్తం తిరగబడిపోయింది. భయంతో కొయ్యబారిపోయినవాడు వాడి బుర్రలో ఏదో గట్టి నిర్ణయం తీసుకున్న వీరుడైపోయాడు, ఆ తర్వాత పేజీ ఎలా అర్థమవుతుంది? ఆ కుర్రాడు ఇంట్లో వినే తెలుగు వేరు. "నేదు", "ఏటి", "ఎల్తాను" వినపడే ఇంట్లో పెరిగి, "లేదు", "ఏమిటి", "వెళ్తాను" అని రాసిన పుస్తకం చదివేటప్పుడే ఒక గట్టు దాటుతున్నాడు, దానిమీద "గాంచెను", "పలికెను" అంటే ఇంకో గట్టు. ఇంగ్లీషు మీడియం అంటే మూడోది.

ఈ గట్ల గురించి మొట్టమొదట గట్టిగా పోట్లాడిన మనిషి ఈ జిల్లావాడే. గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టాడు, పర్లాకిమిడిలో పంతులుగా పనిచేశాడు. పుస్తకాల భాషకీ నోటి భాషకీ మధ్య ఇంత దూరం ఉంటే పిల్లలకి చదువెలా వస్తుందన్నది ఆయన వాదన. ఊరికే వాదించలేదు, సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటల్లోనే పాఠాలు రాశాడు. ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం, దండలు వేస్తున్నాం, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పిల్లకో, సీతంపేట కొండమీద సవర మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడికో తెలుగు వాచకం ఎందుకు బరువవుతుందో మాత్రం ఆలోచించం. వాళ్ళది బద్ధకం కాదు. వాళ్ళకది రెండో భాష.

మరి దీనికేం చెయ్యాలంటే, చదివించే ముందు వినిపించాలి. మాటలు చెవిలోంచి లోపలికెళ్ళాక కంటికి కనపడితే పాత చుట్టాల్లా ఉంటాయి. మన వైపు దీనికి లోటేమీ లేదు, జముకు వాయిస్తూ జముకుల కథ చెప్పేవాళ్ళ నోట రాజులూ రాణులూ యుద్ధాలూ విన్న ముసలమ్మలు ఇంకా ఉన్నారు, హైదరాబాదుకో చెన్నైకో పనికెళ్ళిన అమ్మానాన్నలు పిల్లల్ని వదిలి వెళ్ళేది కూడా ఆ ముసలమ్మల దగ్గరే. "మామ్మకి చదువు రాదు, ఏం చెప్తుంది" అనుకుంటారు. పైన చెప్పిన గుణకారంలో రెండో అంకె పెంచేది ఆవిడే. ఆవిడ చెప్పిన కథని మర్నాడు పిల్లల చేత రాయించి, రాసింది వాళ్ళ చేతే చదివిస్తే, "నేదు" అని రాసినా దిద్దకుండా వదిలేస్తే, నేను చూసినంతలో పిల్లలు అంత ఇష్టంగా చదివింది ఇంకోటి లేదు. దిద్దడానికి బడి ఉంది, ఏడు వారాల తర్వాత ఎలాగూ దిద్దుతారు.

అర్థం కావడానికి మాటలతోపాటు ఆ సంగతి ముందే కొంచెం తెలిసుండడం కూడా ముఖ్యం. 1988లో అమెరికాలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బేస్‌బాల్ ఆట గురించి రాసిన పాఠం చదివించారు. చదవడంలో వెనకబడ్డా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, చదువులో ముందుండి ఆట తెలియని పిల్లలకన్నా బాగా అర్థం చేసుకున్నారు. మనకిది కొత్త సంగతేమీ కాదు, పరీక్షలో ప్రశ్న అర్థం కాలేదన్న కుర్రాడు క్రికెట్ స్కోరు వార్త ఇస్తే ఓవర్లతో సహా విడమరిచి చెప్తాడు. అందుకని బోట్ల మీదకెళ్ళే ఇంటి పిల్లలకి చేపల గురించి, తుపాన్ల గురించి, కొబ్బరి, జీడితోటల ఉద్దానం పిల్లలకి చెట్ల గురించి, పాముల గురించి ఇవ్వండి. ముందు తెలిసిన లోకంలోంచి మొదలుపెడితే తెలియని లోకంలోకి వాళ్ళే వెళ్తారు.

ఓ చిన్న సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మన ప్రభుత్వ బళ్ళలో 2020 తర్వాత ఇచ్చిన రెండు భాషల పాఠ్యపుస్తకాలు ఇంట్లో ఉంటే చిత్తుకాగితాల వాడికి వెయ్యకండి. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ అదే పాఠం తెలుగులో. ఇంగ్లీషు మీడియంలో తిప్పలుపడే పిల్లలకి సెలవుల్లో అంతకన్నా మంచి సాధనం డబ్బులిచ్చినా దొరకదు. తెలుగు పేజీ ముందు చదివి, సంగతి తెలిశాక ఇంగ్లీషు పేజీకి వెళ్ళాలి. చాలామంది ఉల్టా చేయిస్తారు.

మూడోరకం పిల్లల గురించి అందరూ ఎక్కువ బాధపడతారు కానీ నా లెక్కలో వీళ్ళే సులువు. వీళ్ళకి కావలసింది తమకి నచ్చిన పుస్తకం ఎంచుకునే హక్కు. ఫ్లోరిడాలో ఎలింగ్టన్, మెక్‌గిల్ ఫ్రాంజెన్ అనే ఇద్దరు పరిశోధకులు పేద ఇళ్ళ చిన్నపిల్లలకి మూడు వేసవులపాటు, వేసవికి 12 పుస్తకాల చొప్పున, పిల్లలే ఏరుకోమని చెప్పి ఇచ్చారు. ఏమీ ఇవ్వని పిల్లలకన్నా వీళ్ళు చదవడంలో ముందుకెళ్ళారని 2010లో రాశారు. ఇది చూసి పుస్తకాలు పంచేస్తే చాలనుకోకండి, ఇంకో పక్క కూడా ఉంది. జేమ్స్ కిమ్ అనే ఆయన మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకి పుస్తకాలిచ్చి ఊరుకున్న గుంపునీ, పుస్తకాలిస్తూ ఎలా చదవాలో టీచర్లు చూపించి, పైకి చదివించి, అర్థమైందో లేదో మాట్లాడించిన గుంపునీ పోల్చి చూస్తే, ఊరికే ఇచ్చిన గుంపులో చెప్పుకోదగ్గ లాభం కనపడలేదు. రెండూ కలిపి చూస్తే పుస్తకం పిల్లవాడు ఎంచుకోవాలి, దాని గురించి మాట్లాడడానికి ఓ పెద్దమనిషి ఉండాలి. నా బీరువాలో ఈ రెండూ లేవు. పుస్తకాలు నేను ఎంచాను, మాట్లాడే పని పెట్టుకోలేదు.

మాట్లాడడం అంటే ప్రశ్నలడగడం కాదు. "నీతి ఏమిటి" అనడిగారో, ఆ పిల్ల ఇంక మీ గడప తొక్కదు. "వాడు అలా చెయ్యకుండా ఉండాల్సింది, నువ్వేమంటావు" అని మీరు చదివింది మీరు చెప్పండి, వాదించడానికైనా నోరు విప్పుతారు. బహుమతుల సంగతి కూడా అంతే. పది పుస్తకాలు చదివితే సైకిల్ కొంటానని మా చుట్టాలబ్బాయికి వాళ్ళ నాన్న మాటిచ్చాడు. వాడు పది పుస్తకాలు నాలుగు రోజుల్లో ముగించాడు, అన్నీ పదహారు పేజీలవే. 1973లో బొమ్మలు వెయ్యడం ఇష్టమున్న చిన్నపిల్లలకి బహుమతి ఇస్తామని ముందే చెప్పి బొమ్మలు వేయిస్తే, తర్వాత వాళ్ళంతట వాళ్ళు బొమ్మలు వెయ్యడం తగ్గిపోయిందని ఒక ప్రయోగంలో చూశారు. ఇష్టంగా చేసే పనికి కూలి కడితే అది కూలిపనే అవుతుంది.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి తెలుగులో పుస్తకాలు దొరకడం కష్టమన్నది మాత్రం నిజమే. చిన్నపిల్లల బొమ్మల కథలున్నాయి, పెద్దవాళ్ళ నవలలున్నాయి, పదకొండు నుంచి పదమూడేళ్ళ మధ్య ఉన్నవాళ్ళకి మాత్రం ఖాళీ. ఈ ఖాళీని ఒకప్పుడు 1947 జూలైలో మొదలైన చందమామ నింపింది. దాని అట్టమీద దశాబ్దాలపాటు బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్య పుట్టింది శ్రీకాకుళంలోనే. పత్రిక ఆగిపోయి పదేళ్ళు దాటింది, పాత సంచికలు అటకల మీద ఇంకా ఉన్నాయి, దింపండి. ఫోన్ ఎలాగూ చేతిలో ఉంటే స్టోరీవీవర్ సైటులో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగా ఉన్నాయి. సైన్సు మీద ఆసక్తి ఉన్న పిల్లలకి చెకుముకి పత్రిక. ఎనిమిదో తరగతి వాళ్ళయితే చాసో (చాగంటి సోమయాజులు) కథలు కొన్ని చదవగలరు, శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో బతికిన మనిషి, ఫీజు కట్టలేక చదువు ఆగిపోయిన కుర్రాడి మీద ఆయన రాసిన కథ చదివి మా అన్నయ్య కూతురు రెండురోజులు వాళ్ళ నాన్నతో మాట్లాడలేదు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం పరిశోధకుల కోసమే అయినా, ఒకసారి పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి, ఒక బడిపంతులు తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలనుకుంటే ఎలా ఉంటుందో కళ్ళతో చూస్తారు.

ఇక శాఖా గ్రంథాలయం. మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను అని ఉంటుంది, రసీదు తీసి చూడండి. అంటే డబ్బులు ముందే కట్టేశారు, పుస్తకం తెచ్చుకోవడమే మిగిలింది. ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు, శుక్రవారం సెలవు. ఎండ లేని వేళల్లోనే తెరవడం పిల్లలకి కలిసొచ్చేదే. ఈమధ్య వేసవి శిబిరాలు కూడా పెడుతున్నారు. పిల్లల పుస్తకాల అలమర తాళం వేసి ఉంటే మర్యాదగానే గట్టిగా అడగండి.

సెలవుల్లో పిల్లలు చదివింది మర్చిపోతారన్న భయం గురించి కూడా ఒక మాట. ఆ భయం అమెరికా నుంచి వచ్చింది. అక్కడ వేసవి సెలవులు రెండు నెలల పైన ఉంటాయి, 1996లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, సగటున ఓ నెల చదువు వెనక్కి పోతోందనీ, చదవడంలో ఆ నష్టం పేద ఇళ్ళ పిల్లలకే అనీ తేల్చారు. 2019లో వాన్ హిప్పెల్ అనే ఆయన కొత్త పరీక్షలతో మళ్ళీ లెక్కవేస్తే ఆ పేదా గొప్పా తేడా వేసవిలో పెరుగుతున్నట్టు కనపడలేదు. మన పిల్లల విషయంలో వీటిలో దేన్నీ ఉన్నదున్నట్టు ఎత్తుకోకూడదు. మన దగ్గర సెలవుల్లో ఒకడు జీడిపిక్కలేరడానికి వెళ్తాడు, ఒకర్తి తమ్ముణ్ణి చూసుకుంటుంది, ఒకడు కోచింగుకి పోతాడు, ముగ్గురి వేసవులూ ఒకటి కాదు. కాబట్టి మర్చిపోతాడేమోనని టెన్షన్ పడి రోజుకి మూడు గంటలు కూర్చోబెట్టకండి. జీడిపిక్కలేరి వచ్చినవాడికి సాయంత్రం పావుగంట కథే ఎక్కువ.

తర్వాత వేసవిలో బీరువా మళ్ళీ తెరిచాను. ఈసారి ముందు పిల్లల్నే అడిగాను ఏం కావాలో. దెయ్యాలు, క్రికెట్, పాములు, జోకులు అన్నారు. జీవిత చరిత్రలు కింద అరలోకి వెళ్ళాయి. మామ్మలు చెప్పిన కథలు పిల్లలే రాసిన నోటు పుస్తకాలు రెండు పై అరలోకొచ్చాయి. జూన్ మొదటి వారంలో, ఏప్రిల్లో చదివించిన పేజీనే మళ్ళీ చదివించాను. పదకొండు చోట్ల ఆగినవాడు నాలుగు చోట్ల ఆగాడు, "నిశ్చేష్టుడు" కుర్రాడు తెలియని మాట దగ్గర ఆగి, నన్నడిగి, ముందుకెళ్ళాడు. నలభై పుస్తకాల్లో ముప్పై మూడు తిరిగొచ్చాయి. పోయిన ఏడింటిలో నాలుగు దెయ్యాల కథలు.